ఐదో నెలలో ఆపిన మాత్ర

(గుండె వార్డు బయట బెంచీ. డాక్టరమ్మ, మందుల షాపు నడిపే కొడుకు.)

“మీ నాన్నగారి గుండె రక్తనాళంలో పెట్టిన స్టెంటులోనే రక్తం గడ్డ కట్టింది. సమయానికి తెచ్చారు, గడ్డ తీసేశాం. ఇంతకీ రక్తం పలచన చేసే మాత్ర ఎందుకు ఆగింది?”

“ఆగిందా? అంటే… అయిపోయి ఉంటుందండీ. పెద్దాయన కదా, మరిచిపోయి…”

“ఆయనా అదే అన్నారు. మందుల షాపున్న ఇంట్లో మాత్ర అయిపోయిందా?”

“అది కాదండీ… పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందన్నారు. రక్తం మరీ పలచబడిందేమోనని… ఆపమని ఎవరో చెప్పుంటారు.”

“ఎవరు?”

“ఎవరో.”

“చూడండి, రక్తనాళం లోపలంతా పలచటి పొర ఉంటుంది. కణాలు పక్కపక్కన పరుచుకుని ఉంటాయి. రక్తాన్ని గడ్డ కట్టనివ్వకుండా కాసేవి అవే. మేం పెట్టిన స్టెంటు ఉత్త లోహం. దాని మీద ఆ పొర పూర్తిగా పరుచుకునేదాకా రక్తానికి అది పరాయి వస్తువే. తగిలితే గడ్డ కడుతుంది. అందాకా కాపలా ఆ మాత్రది. అందుకే ఏడాది వాడమన్నాను. ఐదో నెలలోనే ఆగిపోయింది.”

“ఈ పొర సంగతి తెలీదండీ.”

“తెలీకపోవడం తప్పు కాదు. ఆ చెప్పినాయన నాకో ఫోను కొట్టొచ్చుగా?”

“…నేనేనండీ. ఆ చెప్పింది నేనే. వీధిలో అందరూ సగం డాక్టరంటారు. నేనూ నమ్మేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నానండీ.”

“నాతో కాదు, లోపలికెళ్ళి ఆయనతో అనండి.”

(లోపల, మంచం పక్కన. తండ్రి, కొడుకు.)

“షాపు మూసేసి వచ్చావా?”

“షాపు సంగతి వదిలెయ్ నాన్నా. ఆ మాత్ర…”

“మరిచిపోయానని చెప్పేశాగా. అయిపోయింది.”

“నువ్వు మరిచిపోలేదు, నేను ఆపమన్నాను! తెలిసీ తెలీని…”

“మెల్లగా! పక్క మంచమాయన మన షాపుకే వస్తాడు.”

“విననీ. తలెత్తుకోలేకపోతున్నాను. నాకు తెలీదు, నీకూ తెలీదు. పాపం, నా మాట నమ్మి…”

“నాకు తెలుసురా.”

“ఏం తెలుసు?”

“నా చొక్కా జేబులో కాయితం చూడు. స్టెంటు వేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రక్తనాళం బొమ్మ గీసిచ్చింది. కింద రాసింది చదువు.”

“‘ఏడాది దాకా ఆపొద్దు’… మరి నాతో అనొచ్చుగా నాన్నా!”

“కౌంటరు దగ్గర ఆరుగురున్నారు. అందరి ముందూ ‘ఆపెయ్ నాన్నా, నేను చెప్తున్నాగా’ అన్నావు. కాదంటే నీ మాటకి విలువేముంటుంది?”

“ఇంటికొచ్చి వేసుకోవాల్సింది!”

“వేసుకున్నాను. నీకు తెలీకుండా వేసుకున్నాను.”

“మరి?”

“మర్నాడు మళ్ళీ అంతమందిలోనూ ‘చిగుళ్ళ రక్తం తగ్గిందా నాన్నా’ అని ఆశగా అడిగావు. తగ్గిందన్నాను. ఆ మాట నిజం చెయ్యాలని, ఆ రోజు నుంచే మాత్ర ఆపాను.”