మా అత్తగారి మూడు నిమిషాలు

సభకు అధ్యక్షత వహించిన మేయరు గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన మాజీ మేయరు గారికి, వేదిక మీద ఇరుకిరుగ్గా సర్దుకుని కూర్చున్న కౌన్సిలర్లకు, వేదిక కింద కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చున్న నా తోటి ఉద్యోగులకు, వెనక వరసల్లో ఎప్పటిలాగే కుర్చీలు బరబరా లాగుతున్న నగర ప్రజలకు, మొదటి వరసలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నేను ఎక్కడ తడబడతానా అని ఎదురుచూస్తున్న మా అత్తగారికి నమస్కారాలు. (నవ్వులు)

మామూలు రోజైతే ఈ నమస్కారాలకే నా సమయంలో బోలెడంత హరించుకుపోయేది. నమస్కారాలు కూడా మాట్లాడే సమయంలోనే లెక్క అని రూలు రాసింది నేనే. కానీ సమయం అయిపోగానే కొట్టే నా ఇత్తడి గంటని మధ్యాహ్నమే మా చెల్లెమ్మకి, అంటే నేను రిటైరయ్యాక రేపటినుంచి నా కుర్చీలో కూర్చోబోయే కొత్త కార్యదర్శికి, అప్పగించేశాను. ఆవిడకి అధికారం రేపు ఉదయం గానీ రాదు. అంచేత ఈ ఒక్క సాయంత్రం ఈ హాల్లో గంట కొట్టే నాథుడు లేడు. నీళ్ళు తాగవలసినవాళ్ళు ఇప్పుడే తాగి రండి.

ఇందాకటినుంచి మాట్లాడిన పెద్దలందరూ నా క్రమశిక్షణ గురించే చెప్పారు. సన్మానపత్రంలో నన్ను చండశాసనురాలని రాయబోయి, ఎవరో అడ్డుపడితే మార్చి 'నియమాలకు నిలువుటద్దం' అని రాశారట. అద్దంలో ఎవరి మొహం వాళ్ళకే కనిపిస్తుంది కాబట్టి ఆ మాట నాకు నచ్చింది. ఎందుకంటే ఆ నియమాల్లో ఒక్కటి కూడా నా బుర్రలో పుట్టలేదు. అన్నీ మీ పుణ్యమే.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. మన కౌన్సిలు నెలనెలా సమావేశమైనప్పుడు, ఎజెండాలోకి వెళ్ళే ముందు, ఊళ్ళో ఎవరైనా సరే గేటు దగ్గర పేరు ఇచ్చి, వంతు చీటీ తీసుకుని, వరసలో నిలబడి, ఆ మైకు ముందుకి వచ్చి మూడు నిమిషాలు తమ కష్టం చెప్పుకోవచ్చు. మేయరుతో సహా అందరూ నోరు మూసుకుని వినాలి. నేను ఈ ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ మూడు నిమిషాల హద్దు కూడా లేదు. డ్రాయింగు మాస్టారు ఇంటి ముందు గొయ్యి పడిందని చెప్పడానికి వచ్చి, అసలు మనిషి రోడ్డు వేయడం ఎప్పుడు మొదలుపెట్టాడు అన్న దగ్గర అందుకుంటే, భోజనాల వేళకి బండిచక్రం కనిపెట్టిన కాలానికి చేరుకున్నారు. మాస్టారూ, నవ్వకండి, మీ గురించే. అప్పుడు పెట్టాం మూడు నిమిషాలు. మాస్టారు మంచి మనిషి, వెంటనే ఒప్పుకున్నారు. మరుసటి నెల వచ్చి, కౌన్సిలర్లందరికీ పేరు పేరునా, వారి వారి వార్డుల గొప్పతనంతో సహా నమస్కారాలు చెప్పేసరికి గంట కొట్టాను. ఆయన తృప్తిగా ధన్యవాదాలు చెప్పి వెళ్ళిపోయారు. గొయ్యి సంగతి గొయ్యిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత నెల తెలివిగా గొయ్యి ముందు చెప్పి నమస్కారాలు చివర్లో పెట్టుకున్నారు. సగం కౌన్సిలర్లకి నమస్కారం అందాక గంట పడింది, అందని సగం మంది అలిగి గొయ్యి పూడ్చడానికి వ్యతిరేకంగా ఓటేశారు. (నవ్వులు) నమస్కారాల రూలు అలా పుట్టింది. మా ఆఫీసులో దాని పేరు ఇప్పటికీ మాస్టారి రూలే.

మా దగ్గర రూల్సుకి నెంబర్లు కాగితం మీద ఉంటాయి గానీ పిలవడం మాత్రం మనుషుల పేర్లతోనో, వాళ్ళు తెచ్చిన వస్తువుల పేర్లతోనో పిలుస్తాం. 'సీసా రూలు' అని ఒకటుంది. ప్లంబరు బాబాయి గారు తమ వీధి కుళాయిలో వస్తున్న నీళ్ళు ఎంత ఘోరంగా ఉన్నాయో చూపించడానికి ఒక సీసా పట్టుకొచ్చి వేదిక అంచున పెట్టి, వివరంగా చెప్పడం మొదలుపెట్టారు. అప్పటి నీటి సరఫరా సంఘం అధ్యక్షుల వారు పక్కాయనతో కబుర్లలో పడి, దాహం వేసి, చెయ్యి చాపి, ఆ సీసా ఎత్తి గటగటా తాగేశారు. బాబాయి గారు మాట ఆపి గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డారు. నేను చెబుదామన్నా, ఒకరి వంతులో ఇంకొకరు నోరెత్తకూడదు. అధ్యక్షుల వారు ఆ తర్వాత చాలా రోజులు సభకి రాలేదు. ఆ వీధిలో పైపులు మార్చినంత వేగంగా ఈ ఊళ్ళో ఏ పనీ జరగలేదన్నది వేరే విషయం. కానీ రూలు రూలే కదా. 'తాగదగినవి గానీ తాగదగనివి గానీ ఏ ద్రవపదార్థమూ సభలోకి తేరాదు' అని రాశాను. బాబాయి గారికి ఆ వాక్యం ఎంత గర్వమంటే, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చదివి వినిపిస్తారట.

తర్వాత కోళ్ళ పిన్నిగారు. (వెనక వరసవైపు చూసి) ఉన్నారా, సంతోషం. పిన్నిగారి కోడి తెల్లవారుజామున కూస్తోందని పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే, ఇంత చిన్న ప్రాణి అంత గొడవ చేయగలదా మీరే చూడండి అని ఆవిడ కోడిని చంకలో పెట్టుకుని వచ్చారు. అది మైకు ముందు నోరు విప్పింది. పక్కింటివాళ్ళు చెప్పింది తక్కువేనని ఆ రోజే సభకి అర్థమైంది. అందుకని 'ఫిర్యాదుకు కారణమైన జీవిని వెంట తేరాదు' అని రాశాను. రాసి, నా అంత జాగ్రత్తగా రాసేవాళ్ళు లేరనుకుని సంబరపడ్డాను. మరుసటి నెల ఒకావిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కొట్టు మెట్లు ఫుట్‌పాత్ మీదకి కట్టాడట, ఇంట్లో చెబితే వినడం లేదు, మీరైనా చెప్పండి అని ఆవిడ బాధ. గేటు దగ్గర మా అటెండరు నిజాయితీపరుడు, రూలు అక్షరం అక్షరం చదివి, 'అమ్మా, మీరు వెళ్ళొచ్చు, ఆయన మాత్రం బయటే ఉండాలి' అన్నాడు. ఆయన బ్రహ్మానందంగా బయట నిలబడ్డాడు. భర్త జీవి కిందికి రాడని నేను ప్రత్యేకంగా వివరణ జారీ చేయవలసి వచ్చింది. మావారు ఆ వివరణ కాపీ ఒకటి అడిగి తీసుకున్నారు. (నవ్వులు)

ఇక అసలు రూలుకి వస్తాను. ఇది చెప్పడానికే ఇంత దూరం నడిపించాను మిమ్మల్ని.

పూర్వం ఒక రోడ్ల ఇంజనీరు గారు ఉండేవారు. ఆయన బావమరిది ప్రతి సమావేశానికీ వచ్చి, పేరు ఇచ్చి, మూడు నిమిషాలూ రోడ్లని పొగిడి వెళ్ళేవాడు. 'ఆ రోడ్డు మీద చెప్పులేసుకుని నడవబుద్ధి కాదండీ' అనేవాడు. ఒకసారి ఎవరో నీ ఇల్లెక్కడ బాబూ అని అడిగితే నీళ్ళు నమిలాడు. వేరే ఊరు. ఆ సాయంత్రమే రాశాను, కౌన్సిలు ఉద్యోగుల కుటుంబ సభ్యులు ప్రజల సమయంలో మాట్లాడరాదని. శభాష్ అన్నారు అందరూ. ఆ శభాష్ మూటగట్టుకుని ఇంటికి వెళితే, మా అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. 'వచ్చే నెల నేను మీ మైకులో మాట్లాడతానే, పేరు ఎప్పుడివ్వాలి' అని అడిగారు.

ఆవిడ బాధ బస్టాపులో బల్ల. ఎవరు కొలతలిచ్చారో గానీ ఆ బల్ల ఎంత ఎత్తంటే, మా అత్తగారిలాంటి పొట్టివాళ్ళు దాని మీదకి ఎక్కాలంటే ఇంకొకళ్ళు ఎత్తాలి, ఎక్కాక కాళ్ళు గాలిలో ఆడుతుంటాయి, బస్సొస్తే దూకాలి. మూడు నిమిషాలకి సరిగ్గా సరిపడే సమస్య. నేను తల వంచుకుని రూలు చెప్పాను. ఆవిడ 'ఊరందరికీ నోరిచ్చి నా నోరు కట్టేశావన్నమాట' అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో కూడా నియమావళి అమల్లోకి వచ్చింది. ఆఫీసు కష్టాలు చెప్పుకుందామని నేను నోరు తెరిస్తే, మూడు నిమిషాలవగానే ఆవిడ చెంచాతో గ్లాసు మీద టంగుమనిపించేవారు. మావారికి మొదటినుంచీ మూడు నిమిషాలు ఎన్నడూ దక్కలేదు కాబట్టి ఆయనకి తేడా తెలియలేదు.

కొన్నేళ్ళకి మిషను కుట్టే అక్కయ్యగారు అదే బల్ల గురించి ఇదే మైకులో మాట్లాడారు. బల్ల మార్చారు. ఇప్పుడు కాళ్ళు నేలకి ఆనుతాయి. నేను పరుగున వెళ్ళి చెబితే మా అత్తగారు అక్కయ్యగారి దగ్గర జాకెట్లు కుట్టించుకోవడం మానేశారు. 'అది నా బల్ల, ఆవిడెందుకు మాట్లాడాలి' అని. మరి ఇప్పుడు పని జరిగిపోయింది కదా అత్తయ్యా, ఇంకేం మాట్లాడతారు అని అడిగాను. 'నువ్వు రిటైరవ్వు, అప్పుడు చూద్దువుగాని' అన్నారు. ఏం చెబుతారని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, 'అక్కడే చెబుతా'.

ఆ మాటతో నాకు ఈ ఉద్యోగం గురించి ఒక సంగతి తెలిసింది. ఫిర్యాదు తీరిపోయినా మాట మిగులుతుంది. ఇన్నేళ్ళు ఆ మైకు ముందుకి వచ్చినవాళ్ళలో సగం మందికి మేం ఏమీ చేయలేకపోయాం. అయినా మరుసటి నెల మళ్ళీ వచ్చారు, ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ మేయరు గారు తలెత్తి వాళ్ళ మొహం చూడక తప్పదు. అదే వాళ్ళకి కావాలి. నాకు వాళ్ళంటే ప్రాణం. గంట కొడుతున్నప్పుడు కూడా ప్రాణమే, ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పే వీలు లేకపోయింది.

రేపు కౌన్సిలు సమావేశం ఉంది. ఎజెండాలో మొట్టమొదటి అంశం, ప్రజల సమయం కన్నా ముందు పెట్టిన అంశం, ఆ సమయాన్నే తీసేయడం. ఇకనుంచి ప్రశ్నలు రాసి పంపితే జవాబులు రాసి పంపుతారట. తీర్మానం నెగ్గితే ఆ క్షణంనుంచే మైకు ఉండదు. ఎందుకండీ అంటే మేయరు గారు ఒక్క మాటే అన్నారు, 'మేడమ్ గారి రూల్సు చదివితే తెలియడం లేదా, ఈ జనానికి మైకు ఎందుకివ్వకూడదో' అని. మేయరు గారూ, మీరంటే నాకు గౌరవం, ఇందాక మీరు కప్పిన శాలువా ఇంకా భుజం మీదే ఉంది, జారిపోకుండా పట్టుకునే చెబుతున్నాను. ఆ రూల్సు మీరు తలకిందులుగా చదివారు. నేను కోడిని బయట పెట్టమన్నాను, పిన్నిగారిని లోపలికి రమ్మన్నాను. సీసా తేవద్దన్నాను, బాబాయి గారిని రావద్దనలేదు. ఒకరి తర్వాత ఒకరికి అందరికీ వంతు రావాలని రాసిన రూల్సు అవి. వాటినే తాళంకప్ప చేసి తలుపుకి వేస్తానంటే నేను ఈ శాలువా కప్పుకుని నవ్వుతూ ఇంటికి వెళ్ళలేను. (చప్పట్లు, వెనక వరసల్లో కుర్చీల చప్పుడు)

ఒక్కొక్కరూ, ఒక్కొక్కరూ. అలవాటు పోలేదు నాకు, క్షమించాలి.

ఈ సాయంత్రం ఆఫీసు మూసేశాక నేను ఉద్యోగిని కాను. అంటే మా అత్తగారు ఉద్యోగి కుటుంబ సభ్యురాలు కారు. ఇన్నేళ్ళ తర్వాత రేపు ఉదయం ఆవిడ గేటు దగ్గర పేరు ఇవ్వవచ్చు. చీర నిన్ననే ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు. రేపు ఆవిడ వరసలో నిలబడేసరికి అక్కడ మైకు ఉండాలా వద్దా అన్నది ఈ వేదిక మీద కూర్చున్నవాళ్ళు చేతులెత్తి తేల్చాల్సిన విషయం.

(మేయరు గారు లేచి, మాట్లాడుతున్న కార్యదర్శి గారితో ఏదో అంటారు)

మేయరు గారు పెద్ద మనసు చేసుకుని, రేపటిదాకా ఎందుకు, అమ్మగారిని ఇప్పుడే వేదిక మీదకి వచ్చి ఎంతసేపు కావాలంటే అంతసేపు మాట్లాడమంటున్నారు. అందరం ఇక్కడే ఉన్నాం కదా, వింటాం అంటున్నారు. అత్తయ్యా, విన్నారా? రండి, మైకు మీకిస్తాను.

(మొదటి వరసలోంచి అత్తగారు కూర్చునే మాట్లాడతారు. మైకు లేకపోయినా హాలంతా వినిపిస్తుంది)

'నేను రాను. ఇవాళ ఇస్తే అది మర్యాద. మర్యాదలు మా కోడలు ఇంట్లో బాగానే చేస్తోంది, లోటు లేదు. రేపు పొద్దున పేరు ఇచ్చి, ఆ పిన్నిగారి వెనకో ముందో నిలబడి మాట్లాడితే అది నా వంతు. నాకు వంతు కావాలి.'

(కార్యదర్శి గారు మైకు మళ్ళీ తమ ముందుకి లాక్కుంటారు)

ఇంతసేపు నేను చెప్పలేక తిప్పలు పడింది ఆవిడ మూడు నిమిషాలు కూడా పట్టకుండా చెప్పేశారు. సన్మానం చేసిన పెద్దలకి, భరించిన సహోద్యోగులకి, రూల్సు పుట్టించిన ఊరివాళ్ళకి పేరు పేరునా కృతజ్ఞతలు. రేపు నేను వేదిక మీద ఉండను, వెనక వరసలో ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ చీటీ పట్టుకుని ఉంటాను. ఆవిడ ఏం చెబుతారో నాకూ తెలియదు, నాకూ వినాలని ఉంది.

సెలవు.