పై మలుపు దుంగ

టోటారా పార్కులో నడిచేవాళ్ళ బాట, సైకిళ్ళ బాట విడిపోయే చోట ఒక పాత బెంచీ ఉంది. పార్కు బాటల బాగోగులు చూసే టిపెనే, సోమవారం పొద్దున్నే ఏమాత్రం ఇష్టం లేని పని మీద వచ్చి, డెబ్బై ఎనిమిదేళ్ళ నోలా పక్కన కూలబడ్డాడు.

"చదవకుండా సంతకం పెడతానంటారేంటి ఆంటీ? ముందు చదవండి."

"కళ్ళజోడు తేలేదు. నువ్వే చెప్పు."

"సైకిల్ బాట పై మలుపులో దుంగ అడ్డం పెట్టింది మీరేనని, తప్పయిందని, ఆర్నెల్లు పార్కులో అడుగుపెట్టనని. అంతే."

"అంతేనా! టీ తాగుతావా?"

"వద్దు."

"అల్లం వేశా."

"ఆంటీ, బేకరీ జోసీకి భుజం ఎముక విరిగింది. గురువారం పొద్దున మలుపు తిరిగి దిగుతూ ఆ దుంగకి గుద్దుకుని ఎగిరిపడింది. చెయ్యి ఇంకా మెడకి వేలాడుతోంది."

"తెలుసు. శనివారం వెళ్ళి చూసొచ్చా."

"చూసొచ్చారా! ఏమన్నారు?"

"ఏమంటాను? సూప్ ఇచ్చా."

"తప్పు చేసినట్టు అనిపించిందా?"

"అనిపించింది."

"మరి! ఆ ముక్క ఆఫీసులో అడిగిన రోజే చెప్పుంటే..."

"గుమ్మడికాయ సూప్. ఉప్పెక్కువైంది."

"మీకు సైకిళ్ళంటే పడదని ఊరంతటికీ తెలుసు. మా ఆఫీసుకి పదిహేడు ఉత్తరాలు రాశారు."

"పద్దెనిమిది. ఒకటి మీవాళ్ళు పారేశారు. గంట కొట్టరు, పక్కకి తప్పుకోమని ఒక్క మాటనరు, వెనకనుంచి రివ్వుమని వచ్చేస్తారు. గుండె జారిపోతుంది. రాయనా మరి?"

"రాయడం వేరు, దుంగ పెట్టడం వేరు."

"వేరే. కాదన్నానా?"

"ఇదిగో, ఈ ఫోటో చూడండి. పోయిన నెల ఒక సైకిలాయన తీసి పంపాడు. ఊదారంగు వానకోటు ఎవరిది?"

"నాదే."

"రెండు చేతులతో దుంగ పట్టుకుని లాగుతున్నదెవరు?"

"నేనే. నడుం ఇంత వంగిపోయిందా నాకు? అద్దంలో తెలీదు."

"మాట తప్పించకండి. నడకబాట ఆ మలుపు దగ్గర కలుస్తుంది. తెల్లారకుండా అటు వెళ్ళేది ఈ ఊళ్ళో మీరొక్కరే."

"అసలా దుంగ అక్కడెందుకుంటుంది?"

"కొత్తగా అడుగుతారేంటి! వాన పడితే బాట మెత్తబడుతుంది. టైర్లు తిరిగితే గాడులు పడి పాడైపోతుంది. అందుకని ఆరేదాకా మూసేస్తాం. కింద తాడు కడతాం. పైనుంచి దిగేవాళ్ళకని బోర్డు పెడితే లోయలోకి విసిరేస్తున్నారని, పై మలుపులో దుంగ అడ్డం లాగుతాం. ఆరాక తీసేస్తాం."

"తీసేస్తారు."

"తీసేస్తాం. పోయిన సోమవారం వాన పడితే మూశాను. బుధవారం సాయంత్రం తెరిచాను. కింద తాడు విప్పి, పైకెళ్ళి దుంగ పక్కకి లాగేశాను. పొద్దున జోసీ వచ్చేసరికి మళ్ళీ అడ్డంగా ఉంది. కాళ్ళొచ్చి నడిచిందా?"

"లాగేసినట్టు గుర్తుందా నీకు?"

"గుర్తుండకపోవడమేంటి? ఎప్పుడూ చేసే పనే. వానపడి మూయడానికి వెళ్ళినప్పుడల్లా పక్కన ఫెర్న్ చెట్ల కింద, నేను పెట్టిన చోటే పడుంటుంది."

"నువ్వు పెట్టిన చోటే."

"మరి."

"కోలిన్ ఉన్నప్పుడు పైవైపు అతనే చూసేవాడు కదూ?"

"పోయిన చలికాలం పీకేశారుగా అతన్ని. ఇప్పుడు మూడు పార్కులు, పదకొండు బాటలు, నేనొక్కణ్ణి. పొద్దున ఎక్కడున్నానో సాయంత్రానికి గుర్తుండట్లేదు. పోనీండి, అదెందుకిప్పుడు."

"చిక్కిపోయావు."

"అడిగేవాళ్ళెవరు లెండి."

"నేను సంతకం పెట్టకపోతే?"

"విచారణ. ఎవరు మూశారు, ఎవరు తెరిచారు, ఎన్నింటికి తెరిచారు, అన్నీ తవ్వుతారు. నన్నూ కూర్చోబెడతారు. నాకిప్పటికే రెండు మెమోలు. గేటుకి తాళం మరిచానని ఒకటి, రగ్బీ మైదానం లైట్లు ఆర్పలేదని ఒకటి. మూడోది వస్తే ఇంటికే. ముగ్గురు పిల్లలు..."

"నాలుగో బిడ్డ మార్చిలో కదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఈ ఊళ్ళో దాగుతుందా ఏదైనా?"

"అందుకని మిమ్మల్ని సంతకం పెట్టమనట్లేదు. మీరు చెయ్యకపోతే పెట్టొద్దు. నా మొహం చూసి అసలే పెట్టొద్దు. 'నేను కాదు' అని ఒక్క మాటనండి, ఈ కాగితం ఇక్కడే చింపేస్తా."

"చింపితే చెత్త. మళ్ళీ నువ్వే ఎత్తుకోవాలి."

"ఆంటీ!"

"ఆర్నెల్లు ఎక్కువ, టిపెనే."

"ఆర్నెల్లేగా."

"నీకు 'ఆర్నెల్లే'. తుంటి ఎముక మార్చినప్పుడు డాక్టరమ్మ ఏమందో తెలుసా? నడిస్తే నడుస్తావు, ఆపావా, ఇక అంతే అంది. మా ఇంటిముందు హైవే. కలప లారీలు. నడవడానికి జానెడు చోటుండదు. రోజుకో గంట ఈ చెట్ల కింద తిరుగుతానన్న ఆశతోనే మిగతా ఇరవై మూడు గంటలూ గోడలు చూస్తూ కూర్చుంటా. నాకేం బాధ ఉండదనుకున్నావా?"

"మూడు నెలలకి తగ్గించమని అడగనా?"

"అడుగు. పెన్నివ్వు."

"అంటే... మీరే చేశారనేగా?"

"పెన్నివ్వమన్నా."

"ఇదిగో."

"ఎక్కడ? ఇక్కడా? అయింది. తేదీ నువ్వేసుకో."

"థాంక్స్ ఆంటీ. మీరు ఒప్పుకుంటారని అనుకోలేదు. నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు. అసలు నేనే తియ్యలేదేమోనని కూడా ఒక్కోసారి... ఛ, పిచ్చి ఆలోచనలు."

"మళ్ళీ వాన ఎప్పుడంటున్నారు?"

"రేపట్నించే."

"అయితే ఒక్క మాట విను. మూసిన బాట తెరిచేటప్పుడు కింద తాడు విప్పేసి వెళ్ళిపోకు. పైదాకా ఎక్కు."

"ఎక్కుతూనే ఉన్నాగా. తాతకి దగ్గులు నేర్పుతారేంటి?"

"కోపం తెచ్చుకోకు."

"కోపం కాదు. పదకొండేళ్ళుగా చేస్తున్న పని."

"పదేళ్ళు ఇద్దరు చేశారు నాయనా. కోలిన్ వెళ్ళాక నాలుగుసార్లు మరిచిపోయావు. నాలుగుసార్లూ పొద్దున్నే ఆ దుంగని ఫెర్న్ చెట్ల కిందకి లాగింది నేను. మొన్న గురువారం తుంటి పట్టేసి మంచం దిగలేకపోయాను."