ఆంజినమ్మ కలబందకు పోసిన చెంబులు

"ఆకులు వాలిపోయిన మొక్క మీ ముందర ఉండాది. మొట్టమొదట ఏం చేయాల? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి."

జయంతి టీచరమ్మ అడిగింది మనవరాలు రేఖనూ, మనవడు ప్రవీణ్‌నూ. ఆ ప్రశ్న చేరాల్సింది మాత్రం అరుగు చివర కూర్చున్న వెంకటేశులుకు. ముప్పై నాలుగేండ్లు బడిలో ఆమెకు అదే అలవాటు. తప్పు చేసిన పిల్లవాణ్ణి వదిలిపెట్టి, వాని పక్కన కూర్చున్నవాణ్ణి ప్రశ్న అడిగేది.

వెంకటేశులు పక్కింటాయన. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేన్లలో తిరిగి, బోరు యాడ వేస్తే నీళ్ళు పడతాయో చెప్పడం ఆయన పని. ఆ సాయంత్రం పాత పెయింటు డబ్బాలో ఉన్న కలబంద మొక్కను చంకన పెట్టుకొచ్చి అరుగు మీద దించినాడు. అది ఆయన భార్య ఆంజినమ్మ పెంచిన మొక్క. ఆమె పోయి ఏడు నెలలైంది. నిటారుగా నిలబడాల్సిన ఆకులు డబ్బా అంచు మీదికి వాలి, మొదళ్ళ కాడ పసుపు తిరిగినాయి. దీన్ని బతికించమని నోరు తెరిచి అడగడం ఆయనకు చేతకాదు. చేతనైంది కోతలు కోయడమే.

"ఇదీ ఒక ప్రశ్నేనా టీచరమ్మా?" అన్నాడు. "ఆకు వాలిందంటే దప్పిక. నీళ్ళు పోయాల. నాకు తెలీని దప్పిక ఈ సీమలో లేదు. పోయిన ఏడు ముదిగుబ్బలో గొర్రెల జయరాం ఇంట్లో ఇట్లాంటి కలబందే, ఇంతే డబ్బా, ఆకులన్నీ సంతలో అలిసిపోయిన ఎద్దు చెవుల మాదిరి వేలాడతాండాయి, జయరాం పెండ్లాం కండ్లనీళ్ళు పెట్టుకుంటాంది. ఉండమ్మా అని టెంకాయ అరచేతిలో పెట్టుకుని డబ్బా చుట్టూ తిరిగినా. నైరుతి మూలకు వచ్చేసరికి టెంకాయ లేచి నిలబడింది. ఆడ్నే ఒక చెంబు పోసినా. టక్కుమని ఒక ఆకు లేచింది."

"చప్పుడు కూడా వచ్చిందా తాతా?" అన్నాడు ప్రవీణ్.

"వచ్చిందా అంటావేమప్పా! వీధి చివర కుక్క మొరిగింది. రెండో చెంబు పోసినా, ఆకులన్నీ లేచి సూరుకు తగిలినాయి. మూడో చెంబుకు పైన రేకులు చించుకుని బయటికి పోయినాయి. 'ఆపన్నా, ఇల్లు పోతాది' అని జయరాం మొత్తుకుంటాండాడు, నేను ఆపితే గదా! మధ్యాహ్నానికి వాని మూడు నూర్ల గొర్రెలు ఆ ఆకుల నీడలో పండుకున్నాయి. అందులో ఒక గొర్రె మేసుకుంటా మేసుకుంటా ఆకు పైకి ఎక్కిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కింద పడింది."

"పడలేదు. ఆరు నెలలకు దిగొచ్చింది, వెనక రెండు పిల్లల్నేసుకుని."

రేఖ పడీపడీ నవ్వింది. "మరి పొట్టేలు యాడిది తాతా పైన?"

"అది గొర్రె ఇంటి విషయం, మనకెందుకమ్మా. ఇంగ ఆఫీసర్లు జీపేసుకుని వచ్చినారు, ఆకు పొడుగు కొలవాలని. టేపు పట్టుకుని నడిచినారు, నడిచినారు, కదిరి కాడ టేపు అయిపోయింది, ఆకు అయిపోలేదు. దాని కొన పోయి తనకల్లు మీద పోతాండే మబ్బుకు గుచ్చుకుంది. మబ్బు కదల్లేక ఆడ్నే మూడు దినాలు కురిసింది. శెనక్కాయ చేన్లలో జనం చేపలు పట్టినారు! ఒక్క ఆకు కోస్తే గుజ్జు నాలుగు ట్యాంకర్లు నిండింది, కుందుర్పి జనం ఎండాకాలమంతా అదే తాగినారు. నేను పాయింటు చూస్తే నీళ్ళు పడని చోటు లేదు, నేను చెంబు ఎత్తితే లేవని ఆకు లేదు."

పిల్లలు ఆయన నోటినే చూస్తాండారు. జయంతి ఆయన చేతిని చూస్తాండాది. మాట్లాడినంతసేపూ ఆ చెయ్యి వాలిన ఆకునొకదాన్ని ఎత్తి నిలబెడతానే ఉండాది. వదిలితే అది మళ్ళీ వాలిపోతాంది.

"అట్లయితే తాతా," అంది రేఖ, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని, "ఆంజినమ్మవ్వ ట్యాంకు కాడి నుంచి బిందెలు ఎందుకు మోసేది?"

"రేఖా!" అంది జయంతి. అప్పటికే ఆలస్యమైంది.

వెంకటేశులు ఆకును వదిలేసినాడు.

"మా ఇంట్లో రెండుసార్లు వేసినా బోరు," అన్నాడు. "రెండుసార్లూ టెంకాయ నిలబడింది. రెండుసార్లూ దుమ్ము లేచింది. ఆమె ఒక్క మాట అనలేదు, బిందె ఎత్తుకుని పోయింది. ఎన్ని ఏండ్లు పోయిందో నేను లెక్క పెట్టలేదు. దీనికి బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెడు పోసేది, అదీ ఎప్పుడో ఒకసారి. ఆమె పోయినాక ఇంటికి కొళాయి వచ్చింది టీచరమ్మా. పొద్దున మూడు చెంబులు, సాయంత్రం మూడు చెంబులు. ఒక్క దినం తప్పలేదు. అయినా ఇట్లయితాండాది."

జయంతికి ఇది కొత్త సంగతి కాదు. నెల రోజులుగా గోడ మీదుగా ఆ చెంబును చూస్తానే ఉండాది. చెప్తే చిన్నబుచ్చుకుంటాడని ఒకనాడు, ఆయనే తెలుసుకుంటాడని ఇంకొకనాడు ఊరుకుంది. ఊరి పిల్లలందరి తప్పులూ దిద్దింది గానీ, గోడ అవతలికి ఒక్క మాట వేయలేకపోయింది.

"ప్రవీణ్, మట్టిలో వేలు పెట్టి చూడు."

"బురద, అవ్వా. వాసనొస్తాంది."

"చూడన్నా," అంది ఆమె, ఈసారి నేరుగా ఆయనతోనే. "ఇది ఆకులోనే నీళ్ళు దాచుకునే మొక్క. దప్పికైతే ఆకు పలచబడి ముడుచుకుంటాది. దీని ఆకు మెత్తబడింది. అంటే నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళతాంది. డబ్బాకు అడుగున తూటు కూడా లేదు."

తూటు ఎందుకుంటుంది? గిన్నెడు నీళ్ళు పోసే మనిషికి దాంతో పని పడలేదు.

డబ్బా బోర్లించినారు. వేర్లు నల్లగా, నూనె పీల్చిన వత్తుల మాదిరి చేతికి ఊడొచ్చినాయి. పక్కన పుట్టిన చిన్న పిలకకు మాత్రం రెండు వేర్లు ఇంకా గట్టిగా ఉండాయి. జయంతి కుళ్ళిందంతా కత్తితో కోసి పారేసి, పిలకను నీడన గుడ్డ మీద ఆరబెట్టింది.

"వారం ఆరాల. ఆ తర్వాత తూట్లున్న కుండీలో, ఇసక కలిపిన మట్టిలో నాటాల. నాటినాక ఇంకో వారం నీళ్ళు చూపించకూడదు."

"అంతవరకూ నేనేం చేయాల?"

"ఏమీ చేయొద్దన్నా."

వెంకటేశులు ఆ పిలక మీదికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. "అయితే ఈడే పెట్టుకో టీచరమ్మా. మా ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు," అని లేచి, పిల్లల వైపు చూడకుండా మెట్లు దిగి పోయినాడు.

"బతుకుతుందా అవ్వా?" అడిగింది రేఖ.

"తెలీదమ్మా. నెల ముందర అడిగింటే బతుకుతాదని చెప్పేదాన్ని."

చేటలో సగం ఏరిన కందిపప్పు అట్లే ఉండాదని గుర్తొచ్చి, ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయింది.