ఇస్త్రీ పెట్టె మీద నీటిబొట్టు

“సంతకం పెట్టాక ఏదైనా మీదికొస్తే మనకి దిక్కెవరే?”

ఇస్త్రీ బల్ల మీద, మడతపెట్టిన దుప్పట్ల పక్కన నా కూతురు, నేను సంతకం పెట్టాల్సిన దరఖాస్తు కాగితం ఒకటి పరిచింది.

“ఏమీ రాదమ్మా. సైన్సు పత్రికవాళ్లు మనలాంటి ఇళ్ల పిల్లలకి రాయడం డబ్బులు తీసుకోకుండా నేర్పుతారట. బాగుంటే అచ్చేస్తారు.”

“తప్పు రాస్తే? నలుగురూ నవ్వరూ?”

“అందుకే తెలిసినవాళ్లని అడిగి రాయమన్నారు.”

“చదువుకున్నవాళ్లు మనకెవరున్నారే, ఆ మందులషాపాయన తప్ప?”

“నువ్వున్నావుగా. పెట్టె ఎంత వేడెక్కిందో చెయ్యి పెట్టకుండా ఎలా కనిపెడతావు?”

“చాల్లే వేళాకోళం! ఐదో తరగతితో ఆపేసినదాన్ని. నా మాట రాస్తే నీ కాగితం చెత్తబుట్టలోకే.”

“ఇటు చూడు. ‘ఎవరిని అడిగారు’ అన్నచోట నీ పేరు రాసేశాను. పక్కనే, ‘ఇస్త్రీ పనిలో ఇరవయ్యేళ్లు’.”

ఆ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. తను కలం పట్టుకుని రాయడానికి కూర్చుంది.

“పెట్టె అడుగున నీళ్లు చిలకరిస్తాను. చుయ్‌మని ఇగిరిపోతే వేడి సరిపోయినట్టు. బొట్టు ఇగరకుండా పూసలా దొర్లిందనుకో, గుడ్డ కాలుతుంది, ఆగాలి. ఎందుకు దొర్లుతుందో ఇన్నేళ్లయినా నాకు తెలీదు. అది నువ్వు కనుక్కుని రాయి. సంతకం ఎక్కడ పెట్టాలి?”