నీళ్ల మీద తేలిన అక్క

పరాయి దేశంలో నర్సుగా చేరి ఏడాది కావస్తున్నా, ఆసుపత్రి, అద్దెగది తప్ప మరో లోకం ఎరగని అక్క, ఈత కొలను బయట బెంచీ మీద తడిజుట్టుతో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసింది.

“ఒసేయ్, నేను నీళ్ల మీద తేలానే!”

“నువ్వా అక్కా? కాలవ పేరెత్తితేనే ఆమడ దూరం పరిగెత్తేదానివి!”

“మా వార్డులో పనిచేసే ఈ దేశపావిడ వదిలితేగా! చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. గజగజా వణుకుతుంటే నా వీపు కింద చెయ్యి పెట్టి, వెల్లకిలా పడుకోమంది.”

“ఆవిడ మాట నీకర్థమైందా?”

“సగమే. ఆ చెయ్యి మాత్రం పూర్తిగా అర్థమైంది. కాసేపటికి కళ్లు తెరిస్తే, ఆవిడ గట్టు మీద కూర్చుని చప్పట్లు కొడుతోంది!”

“అమ్మో! ఎప్పుడు వదిలేసింది?”

“ఏమో! తేలుతున్నానని తెలియగానే నవ్వొచ్చి, బుడుంగున మునిగాను. ముక్కులోకి నీళ్లెక్కాయి. ఇద్దరం పడీపడీ నవ్వాం.”

“అక్కా!” అంది చెల్లెలు ఉన్నట్టుండి.

“ఏమైందే?”

“ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తూ, ఇంటికొచ్చేస్తానంటావుగా. ఇవాళ అనలేదేం?”

అక్క ఉలిక్కిపడింది.

“అవునే! మర్చేపోయాను. సరే, ఉంటా, ఆవిడ పిలుస్తోంది. సైకిల్ నేర్పుతుందట!”