రష్యా జహాజ్‌ల కింది అంతస్తు

ఆగరా, ఆగు. చెప్పులిప్పి ఇట్లొచ్చి కూసో. ఆ ఏసీ కింద వద్దు, చెమటతోని వచ్చినవ్. ఏమంటివి, రేపటి సంది సముద్రంల డ్యూటీనా? పండుడు గూడ ఆడనేనా? బార్జ్ అంటరా దాన్ని? మేమున్నప్పుడు మాకు బార్జ్ గీర్జ్ తెల్వది, జహాజ్ అనేటోళ్లం. రూం ఏ అంతస్తుల ఇచ్చిండ్రు? కిందనా, మీదనా? సరే తియ్, ముందుగాల చాయ్ తాగు, మా కోడలు ఇలాచీ ఏసి మంచిగ చేస్తది. నవ్వకు. ముసలోనికి భయం ఎక్కువైందనుకుంటున్నవ్. ఎక్కువైంది మరి! నీళ్ల మీద పండుమంటే నేనిప్పటికి గూడ ఒప్పుకోను. మీ తాత సంగతి నీకెవ్వరన్న సక్కగ చెప్పిండ్రా? మీ అవ్వ, మా అక్క భూమవ్వ, చెప్పదు, పేరెత్తితెనే కొంగు నోట్ల కుక్కుకుంటది. ఊళ్లె ఏమంటరో నాకెరుకే. "రాజలింగం పిరికోడు, దుబాయ్‌ల నీళ్లు జూసి దడుసుకొని సచ్చిండు" అంటరు. గంతే కదా నువ్విన్నది?

పిరికోడే. నేను అబద్ధమెందుకు చెప్త? మా బావ బొంబాయిల విమానం ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నడు జూడు, దిగేదాంక ఇడువలె. గోడ కట్టుట్ల మాత్రం తిరుగు లేదు. మేస్త్రీ పని. తూకం గుండు తెలుసు కద, దారానికి ఏలాడేసి గోడ నిలువుగ ఉన్నదా, వంగిందా అని జూస్తరు. ఆ ఇత్తడి గుండును మొలకు కట్టుకొనే తిరిగేటోడు. డెబ్బై తొమ్మిదో ఎనభయ్యో, ఈ ముసఫ్ఫా దిక్కు అప్పుడు అంత ఇసుకనే, ఇప్పుడున్న గ్యారేజీలు, వర్క్‌షాపులు ఏడివి? మా కంపెనీకి క్యాంపు కట్టుడు కాలె. మనుషులేమో దిగుతనే ఉన్నరు. ఏంజేసిండ్రు, ముదీర్, అంటే మేనేజరు, ఏడికెల్లో ఒక జహాజ్ తెచ్చి కాల్వ ఒడ్డుకు కట్టేయించిండు. రష్యాదట. ఆళ్ల దేశంల నదుల మీద జనాన్ని షికారు తిప్పేదట. తెల్లగ, అంతస్తుల మీద అంతస్తు, పెండ్లి ఇల్లు లెక్క ఉండె. మీద పెద్ద హాలు, హాల్ల ఒక పియానో. దాని మీద మనోళ్లు లుంగీలు ఆరేసేటోళ్లు! గోడల మీద ఆళ్ల అక్షరాలు, ఒక్కటి గూడ సమజ్ గాకపోయేది. ఇంజనీర్లకు మీది అంతస్తు, పెద్ద కిటికీలు, పరుపులు. మనకు కింది అంతస్తు. అంటే నీళ్ల మట్టం కాడనే. రైలు డబ్బాల ఉన్నట్టు రెండు దిక్కుల కింద ఒక బెర్తు, మీద ఒక బెర్తు, నడుమ మడిచే బల్ల, మూలకు చెయ్యి కడుక్కునే తొట్టి. గుండ్రని అద్దం కిటికీ ఒక్కటి, ఇత్తడి మరలతోని బిగిచ్చి ఉండె. అద్దానికి అవుతల నీళ్లు తప్పుమని కొడుతుండె. ఇంకోటి చెప్పుడు మర్సిన, ప్రతి రూంల గోడకు ఒక లౌడ్‌స్పీకరు. ఎంత తిప్పినా పూరా బంద్ గాదు, గొణుగుతనే ఉంటది. క్యాంపు బాసు, పేరు నన్నే సాహెబ్, మన హైదరాబాదాయననే, పొద్దుగాల అండ్ల "యల్లా, ఉఠో భాయ్" అని మొత్తుకునేటోడు. మా బావ ఉలిక్కిపడి లేచి నెత్తి మీది బెర్తుకు కొట్టుకునేటోడు, రోజూ.

వచ్చిన్నాడే ఆ గుండును బెర్తుకు ఏలాడేసిండు బావ. "గిదేందే?" అన్న. "ఇల్లు నిలువుగున్నదో లేదో జూడద్దా?" అన్నడు. ఇల్లట! మా రూంల శాంతరాజని కాకినాడ దిక్కాయన, వెల్డరు, సముద్రం కాడ పుట్టినోడు. ఆయనకు నవ్వులాట. "ఏటండీ రాజలింగం గారూ, మీ గుండేటంటందండీ ఇయ్యాల?" అని పొద్దుకోసారి ఎక్కిరిచ్చేటోడు. బావకేమో రంధి. పొద్దుగాల గుండు గోడకు ఆని ఉంటది, పగటీలికి బెత్తెడు దూరం జరుగుతది, మల్ల మాపుకు దగ్గరికొస్తది. తిండి సక్కగ తినకపోయేది. సముద్రం దినాం ఎక్కుతది, దిగుతదని మనకేం ఎరుక? మన చెరువు యాడాదికోసారి నిండుతది, ఎండకాలం ఎండుతది, గంతే కద. నీళ్లు దిగినప్పుడు జహాజ్ అడుగు బురద మీద కూసునేది, ఓ పక్కకు జెర ఒరిగేది. ఇది మాకు తెల్వదు. ఒక శుక్రవారం, సెలవు దినం, గుండు జానెడు జరిగింది. బావ లేచి వసారల ఉరుక్కుంట "ఒరుగుతుందిరో! మునుగుతుందిరో!" అని ఒక్కతీరుగ మొత్తుకున్నడు. ఇగ జూడు! అంతమంది ఒక్కసారే మీదికెక్కి గడ్డ దిక్కుకు ఉరికిన్రు. అందరు ఆ దిక్కే జేరేసరికి జహాజ్ నిజంగనే ఆ దిక్కుకు వంగింది, దిగే పలక జారి నీళ్లల్ల పడ్డది, పలక మీదున్నాయన కాలిరిగింది. జహాజ్‌కు ఏమన్నయిందా అంటే ఏం గాలె.

నన్నే సాహెబ్ కోపానికి వచ్చిండు. "తేరా ఖలాస్ కర్తూఁ! వీసా క్యాన్సల్, ఘర్ జా!" బావ అందరి ముందర నిలవడి తలకాయ నేలకేసిండు. నేను పోయి బతిమాలిన, చేతులు వట్టుకున్న. ఆ జహాజ్‌తోని వచ్చిన రష్యా మెకానిక్ ఒకాయన ఉండె, ఎర్రగ, లావుగ, మాట రాదు గని మంచోడు. ఆయన నవ్వుకుంట బావను కిచెన్‌లకు తోల్కపోయిండు. పెద్ద గిన్నెల నీళ్లు వోసి, అండ్ల ఒక పళ్లెం తేలేసి, పళ్లెంల నిమ్మకాయలు పెట్టిండు. నడిమిట్ల ఉంటే పళ్లెం కదలలె. అన్నీ ఓ పక్కకు జరిపిండు, పళ్లెం బొర్లవడ్డది. చెయ్యితోని మమ్ముల జూపెట్టిండు, మీరే నిమ్మకాయలన్నట్టు. బావ తనే నిమ్మకాయలు కొన్ని అటు, కొన్ని ఇటు పెట్టి జూసిండు. నన్నే సాహెబ్ ఆఖరికి ఒప్పుకున్నడు, "ఇంకోసారి నోరు లేస్తే మాత్రం ఖలాస్" అన్నడు. బావ గుండు విప్పి పెట్టెల ఏసిండు. ఆ దినం సంది నవ్వులాటకు గూడ నోరిప్పకపోయేది. నాకు పానం తరుక్కుపోయింది బిడ్డా. భయం పోలె ఆయనకు, లోపటికి మింగిండు గంతే. అన్నం తినేటప్పుడు గూడ చెవు గోడ దిక్కే.

ఎండకాలమొచ్చింది. పెద్ద జనరేటరు ఖరాబై ఏసీ బందైంది, లైట్లకు, స్పీకర్లకు చిన్నది నడుస్తుండె. కింది అంతస్తుల ఆవిరి, పానం నిలుస్తలేదు. కిటికీలు తియ్యద్దని నన్నే సాహెబ్ స్పీకర్ల రోజూ చెప్పుడే. ఎవడింటడు? ఉడుకపోతకు వరుసగ రూంలల్ల పానాతోని మరలిప్పి కిటికీలు తెరిసిన్రు. శుక్రవారమే మల్ల. పగటీలి బిర్యానీ తిని అందరు సొక్కి పన్నరు. కాల్వల జహాజ్‌లను గుంజే పెద్ద టగ్గు పడవ ఒకటి పోయిందట, దాని అలలు ఒడ్డుకు కొట్టి మర్లినయి, గడ్డ దిక్కు తెరిసిన కిటికీలకెల్లి నీళ్లు లోపటికి దుంకినయి. ఆ పక్క బరువైంది, జెర వంగింది, వంగిన కొద్ది కిటికీలు నీళ్లల్లకు దిగినయి. నేను నిద్రల ఉన్న. ఎవ్వలో కాలి బొటనేలు పట్టుకొని గుంజిన్రు. కండ్లు తెరిస్తే బావ. "లే పర్శరాములూ. మొత్తుకోకు. మీదికి పో, నీళ్ల దిక్కుకు పోయి నిలవడు" అన్నడు, మెల్లగ, పసిపిల్లను లేపినట్టు. కింద జూస్తే కాళ్లు మునిగే నీళ్లు. నేనన్న, "నీళ్ల దిక్కేందే? గడ్డ దిక్కుకు పోత!" "అందరు గడ్డ దిక్కే పోతరు. నీళ్ల దిక్కు పొమ్మంటె నా మాట ఎవడింటడు? నువ్వు నావోనివి, నువ్వింటవు. పో." నాకు ఎంత కోపమొచ్చిందో! సొంత బామ్మర్దిని నీళ్ల దిక్కు తోలుతడా అని. పోయిన. నన్ను జూసి మన ఊళ్ల దిక్కోళ్లు కొందరు నా ఎనుకనే వచ్చిన్రు. బావ ఒక్కొక్క తలుపుకాడికి పోయి, ఒక్కొక్కని కాలేలు గుంజుకుంట, "నువ్వటు, నువ్విటు" అనుకుంట అందర్ని మీదికి పంపిండు. ఒక్క కేక లేదు. ఒక్కడు ఉరుకలె. అందరు మీదికెక్కేదాంక జహాజ్ బొర్లకుంట ఆగింది. గా ఆగుడు ఆగకపోతే నేను ఈడ కూసోని నీతోని ముచ్చట పెట్టకపోదును.

పిరికోడంటరు! ఆయన నా కాలేలు పట్టుకున్నప్పుడు చేతులు గజగజ వణుకుతున్నయిరా. నాకు ఇప్పటికి గూడ కాలుకు తెలుస్తది ఆ వణుకు. అంత భయంతోని మల్ల కిందికి దిగిండు. చివరి రూంకు. శాంతరాజు ఆ పూట అక్కడ చుట్టాలతోని పేకాట ఆడి ఆన్నే పన్నడు, చుట్టాలు మీదికొచ్చిన్రు గని ఆయన రాలె. చెప్పిన కద, రోజూ ఎక్కిరిచ్చేటోడని, గాయననే. కొద్దిసేపటికి మెట్ల మీదికెల్లి తడిసి ముద్దై వచ్చిండు శాంతరాజు, ఒక్కడే. "నన్ను ముందు తోసేసాడండీ, ఎనకాలే వత్తన్నానన్నాడండీ" అన్నడు. నేను మెట్ల దిక్కు జూసిన. నీళ్లే ఉన్నయి. లోపట స్పీకర్ ఇంకా గొణుగుతనే ఉండె, నన్నే సాహెబ్ అండ్ల ఏడుసుకుంట పేరు వెట్టి పిలుస్తుండె, "రాజలింగం, ఊపర్ ఆజా, ఊపర్ ఆజా బేటా" అని. మోటుగ తిట్టినాయననే. మా బావ...

ఇగ వద్దు తియ్. నీళ్లు తోడినంక ఆయన పెట్టెల గుండు దొరికింది, నేనే ఊరికి తీస్కపోయిన; మీ అవ్వ పెట్టెల ఉంటది, అడుగు, ఇస్తది. ముందుగాలనే అడిగిన కద. రూం కిందనా, మీదనా? తల దించుకుంటవేంరా? కిందనేనా? ...ఆ చాయ్ ఇటియ్యి, సల్లగైంది, మల్ల వేడి చేయిస్త.