చిరుతకి కన్ను పెట్టిన జానీబాషా

సాయంత్రం ఐదున్నర. పొద్దున్నుంచీ ముసురు.

తిరువూరు బస్టాండు ఎదురుగా వెంకటప్పయ్య టీ కొట్టులో, బల్ల చివర కూర్చుంది షాజాదీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొగుడు అజ్మల్, కూతురు నాహిద్ తమ ఆటోలో నెమలి ఊరి వైపు వెళ్లారు. అక్కడ మామిడితోటలో కొత్తిల్లు కట్టుకున్నాయనకి చెక్క చిరుతపులి బొమ్మ ఇచ్చి రావాలి. దారిలో వాగు మీద చప్టా ఉంది, వాగు పొంగితే మునిగిపోతుంది. ఫోన్లు కలవడం లేదు.

ఆ చిరుతని కోసింది ఆమె మరిది జానీబాషా. దారమంత సన్న రంపం పైకీ కిందికీ ఆడే మిషన్ మీద టేకు పలకల్లోంచి జంతువుల బొమ్మలు కోస్తాడు. చెక్క కంటే మాటలు ఎక్కువ కోస్తాడు.

"కన్ను ఆఖర్న పెడతాను ఏసోబూ," అంటున్నాడు అదే బల్ల మీద కూర్చుని. "నల్లచెక్క ముక్క కోసి గుంటలో కూర్చోబెడతాను. ముందే పెడితే అది చూస్తూ ఉంటుంది. చూస్తుంటే చెయ్యి ఆడదు. పెనుగొలనులో ఒకాయనకి ఆయన పుంజునే కోసిచ్చానా, గోడకి తగిలించగానే అసలు పుంజొచ్చి దాన్ని ఎగిరి తన్నింది."

"అంతవరకూ నమ్మొచ్చులే," అన్నాడు బస్సు క్లీనరు ఏసోబు.

"ఆగు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెక్క పుంజు తిరిగి తన్నింది! అసలుదానికి కాలు విరిగి, పాపం, ఆదివారం కూరైపోయింది. ఆ మీదట ఒకావిడకి చచ్చిపోయిన గేదె మొహం ఫోటో చూసి కోసిచ్చాను. రాత్రి దాని ముందు గడ్డిమోపు పడేస్తే తెల్లారేసరికి పరక లేదు."

"పాలిచ్చిందా?" అన్నాడు వెంకటప్పయ్య.

"ఇచ్చింది. రంపప్పొట్టు వాసన. నీ టీక్కూడా పనికిరావు."

అందరూ నవ్వారు. షాజాదీ రోడ్డు వైపు చూస్తోంది.

నవ్వులు అణిగాక జానీ గొంతు తగ్గించాడు.

"ఈ చిరుత సంగతి వేరు. మొన్న కన్ను పెట్టి మిషన్ ఆపాను. ఆగలేదు. ప్లగ్గు పీకాను. ఆగలేదు. రంపం గాల్లో ఆడుతూనే ఉంది, దేన్నీ కోయకుండా. తల తిప్పితే, అది నన్నే చూస్తోంది. నేనిటు జరిగితే ఇటు, అటు జరిగితే అటు. గడియపెట్టి పారిపోయాను. పొద్దున్నే చూద్దును కదా, పలకలో చిరుత లేదు! చిరుత ఆకారంలో ఖాళీ ఉంది, అంతే. కింద రంపప్పొట్టులో అడుగులు. గుమ్మం దాటి, రోడ్డు దాటి, వాగు దాకా."

రేకు మీద వాన గీరుతోంది.

"వాగు దాకానా?" అన్నాడు ఏసోబు.

"ఆ, వాగు దాకానే. నీళ్లు తాగొచ్చి మళ్లీ పలకలో పడుకుంది. మూతి తడి! దానికి ఆ నీళ్ల మీద మనసైంది. మళ్లీ అటు తీసికెళ్తే ఊరికే రాదు, తోడుగా ఎవర్నన్నా..."

"జానీ!" అన్నాడు వెంకటప్పయ్య, షాజాదీ వైపు కళ్లతో చూపిస్తూ.

"ఎవర్నన్నా?" అంది షాజాదీ.

"ఊరికే అన్నాను వదినా. కోతలే."

"ఇంతసేపూ ఊరికే అనలేదుగా."

లేచి వానలోకి వెళ్లి నిలబడింది. మసకలోంచి ఒంటి కన్ను ఒకటి వస్తోంది. పచ్చగా, నేలకి దగ్గరగా, ఊగుతూ. దగ్గరికొచ్చాక గానీ ఆటో చప్పుడు వినపడలేదు.

నాహిద్ దిగింది. మోకాళ్ల దాకా బురద. సంకలో కవరు చుట్టిన పలక.

"చిన్నాన్నా, నీ పులి కన్ను ఊడిపోయింది! చప్టా ముందు గతుకులో ఎగిరి బయట పడింది. కన్ను లేకుండా ఎలా ఇస్తామని దిగి బురదలో వెతికాం. వెతుకుతుండగానే చప్టా మీదికి నీళ్లొచ్చేశాయి. పక్కన పాతిన రాళ్లు కూడా కనపళ్లేదమ్మా."

"దిగకపోయుంటే నడిమధ్యలో ఉండేవాళ్లం," అన్నాడు అజ్మల్.

జానీకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! అదే కన్ను రాల్చుకుని బండి ఆపింది! మొన్న నేను కన్ను పెట్టినప్పుడే..."

"మొన్నెక్కడరా?" అన్నాడు వెంకటప్పయ్య. "ఇవాళ మధ్యాహ్నం వీళ్లు ఆటో స్టార్ట్ చేసి హారన్ కొడుతుంటే, ఈ బల్ల మీదేగా పెట్టావు. గమ్ము పూసి, నా టీ గ్లాసుతో నొక్కి పట్టుకున్నావు. ముసురులో గమ్ము ఆరుతుందా? గమ్ము మరకుంది చూడు."

ఏసోబు పడీపడీ నవ్వాడు. జానీ చల్లారిన టీ గుటుక్కున తాగేశాడు. ఈసారి 'ఆ తర్వాత ఏమైందో తెలుసా?' అనలేదు.

షాజాదీ మరక మీద వేలు పెట్టింది. ఇంకా అంటుకుంటోంది. కూతురి చేతిలోంచి పలక తీసుకుని కవరు విప్పింది. కన్నుండాల్సిన చోట గుంట. మూతి తడిగా ఉంది. వానే అయ్యుంటుంది.

దాన్ని బల్ల మీద బోర్లించింది.

అజ్మల్, ఒకటి. నాహిద్, రెండు.

ఇద్దరినీ చేత్తో తాకి, మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టింది.